దెబ్బ తగిలినప్పటి మాట

శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల వంటగది గోడకు ఇక్కడి ప్రభుత్వం ఒక చెవిని బిగిస్తుంది. చొక్కా గుండీ అంత ఉంటుంది. చదువూ అనుభవమూ చూశాక ఆఖరున చూసేది ఒక్కటే, దెబ్బ తగిలితే నోట్లోంచి ఏ మాట వస్తుందని. మామూలు మాటలు ఎలా మాట్లాడుకున్నా ఫర్వాలేదు. నొప్పికి మాత్రం ఈ దేశపు మాట రావాలి, లేదా ఏ మాటా రాకూడదు.

నేను లిఫ్టు మెకానిక్‌ని. దరఖాస్తు నా పేరు మీదే ఉంది. పోయిన ఏడాది మా ఆయన జోజిబాబు గడపకు కాలు కొట్టుకుని "అమ్మా!" అన్నారు. ఫైలు మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి తప్పితే ఇద్దరం దేశం వదలాలి. అందుకని అప్పటినుంచి ఒకరినొకరు గిల్లుకుని సాధన చేశాం. నేను పప్పు కడుగుతుంటే వెనకనుంచి వచ్చి గిల్లిపోయేవారు.

చెవి వినే గడువు ఈరోజుతో ముగుస్తుంది. పోపు పెడుతుంటే మూకుడు ఒరిగి, కాగిన నూనె నా మణికట్టు మీద పడింది. నేను నోరు మెదపలేదు.

ఆయన నా చేతిని లాగి కుళాయి కింద పెట్టారు. "బొబ్బ లేస్తందే! మంట లేదా?"

"ఉంది," అన్నాను.

కాసేపటికి గోడమీది చెవి పచ్చగా వెలిగి, అనుమతి వచ్చిందని చెప్పి, ఊడి కింద పడింది.

"అయిపోయింది సునందా! ఇంక మనల్ని పంపించేవోడు లేడు. అరవవే, గొంతు చించుకుని అరిచెయ్. పక్కింటోళ్లొస్తే నే చెప్పుకుంటాలే."

అరుద్దామనే నోరు తెరిచాను. ఏ మాటతో అరవాలో తోచలేదు. ఆయన నా మొహంలోకే చూస్తున్నారు.

"ఆవాలు మాడుతున్నాయండీ," అన్నాను. "పొయ్యి కట్టేయండి."