టాపెట్ చప్పుడు

"ఆ చప్పుడు పోతేనే బండెక్కుత. లేకుంటే ఆటోకు పోత" అంది రేణుక, కొత్త చీర మడత విప్పకుండానే.

ఆమె భర్త తిరుపతి అప్పటికే బండి పక్కన గోనెసంచి పరుచుకొని కూర్చున్నాడు. ఆ రోజు బిజినేపల్లిలో రేణుక చెల్లెలి గృహప్రవేశం.

"ఇంజన్ల టాపెట్ గ్యాప్ పెరిగింది. అందుకే టకటక. సెట్ చేస్తే పోతది."

"పోయినసారి మా చెల్లె మొగడు నలుగుర్ల ఏమన్నడు? అన్నా, బండి తెచ్చినవా, పిండిగిర్ని తెచ్చినవా అన్నడు. నాకు తలకాయ కొట్టేసినట్టయింది. మెకానిక్ కాడికి తోల్కపో."

"డిగ్రీ చదివిన. రెండు స్క్రూలు తిప్పనీకి మెకానిక్ ఎందుకు?"

"నువ్వు చదివింది బీకాం."

తిరుపతి ఫోన్‌ని గోడకు ఆనించి వీడియో పెట్టాడు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత విప్పాలని అందులో చెప్పారు. అందుకే నిన్న సాయంత్రం పక్కింటి కురుమూర్తి దాని మీదే పెబ్బేరు వారపు అంగడికి పోయొచ్చి వాకిట్లో నిలబెట్టినప్పటి నుంచీ ఎవరినీ బండిని స్టార్ట్ చేయనివ్వలేదు. తిరుపతి చేను నుంచి వచ్చేసరికే చీకటి పడింది. వస్తూనే దాని మీద పట్టా కప్పేశాడు.

తల్లి జములమ్మ వచ్చి, పసిపిల్ల నుదురు చూసినట్టు ఇంజన్ మీద చెయ్యి పెట్టింది.

"జర ఎచ్చగున్నట్టుంది బిడ్డా."

లోపలికి పోయి తువ్వాల తడిపి తెచ్చి ఇంజన్ మీద వేసింది.

"మజ్జిగ తాపియ్యకు అత్తా, జలుబు చేస్తది" అంది రేణుక.

ఇంతలో కురుమూర్తి వేపపుల్ల నములుతూ వచ్చాడు. తిరుపతి ట్యాంకు మూత తీసి చూసి తెల్లబోయాడు. పెట్రోలు నిండుగా ఉంది. కురుమూర్తి బండి తీసుకుపోతే ఎప్పుడూ ట్యాంకులో వాసన తప్ప ఏమీ మిగలదు.

"అన్నా, పెట్రోల్ కొట్టిచ్చినవా?"

కురుమూర్తి పుల్ల నమలడం ఆపి ట్యాంకులోకి తొంగిచూశాడు. కాసేపు ఆలోచించాడు.

"మరి? ఊకెనే తెస్తనా?"

"అద్దం సుత కొత్తది. మనది బర్రె ఇరగ్గొట్టింది కదనే" అన్నాడు తిరుపతి.

కురుమూర్తి అద్దంలో తన ముఖం చూసుకున్నాడు. మళ్లీ ఆలోచించాడు.

"దాని ముచ్చట ఇడిసిపెట్టు తమ్మీ. పక్క పక్కన ఉన్నంక గివన్ని చెప్పుకుంటరా?"

నంబరు ప్లేట్లు కూడా కనపడకుండా ముందూ వెనకా నల్లరేగడి బురద అట్టలు కట్టి ఉంది.

"బురద సుత నువ్వే ఏపిచ్చినవా అన్నా?" అడిగింది రేణుక.

తిరుపతి తువ్వాల తీసి పని మొదలుపెట్టాడు. వాల్వుల మీద మూతలు రెండూ విప్పి, స్క్రూ కింద గ్యాప్ కొలిచే సన్నటి గేజీ రేకు దూర్చాడు. వీడియోలో చెప్పినట్టే అది కొంచెం పట్టుకుంటూ జారింది. అంటే గ్యాప్ సరిగ్గానే ఉంది. రెండోదీ అంతే.

అతను పరేషాన్ అయ్యాడు. గ్యాప్ సరిగ్గా ఉంటే చప్పుడు రాకూడదు. రేకును నమ్మాలా, ఇన్నాళ్లుగా వింటున్న టకటకను నమ్మాలా?

"ఏమైంది?" అంది రేణుక.

"అంత కరెక్టే ఉన్నది. అదే పరేషాన్."

"రేకు తప్పేమో బిడ్డా" అంది జములమ్మ.

తిరుపతి మరలు వదులు చేశాడు. గ్యాప్ పోగొట్టాడు. వీడియో వెనక్కి తిప్పుకుంటూ, చెమటలు కారుస్తూ, అదే రేకుతో మళ్లీ అంతే గ్యాప్ పెట్టి బిగించాడు.

"ఏం చేసినవ్ ఇప్పుడు?"

"ఇప్పిన. మల్ల ముందటి లెక్కనే పెట్టిన."

"మరేం మారింది?"

"గట్ల కాదు రేణుకా. చేసే పద్ధతొకటి ఉంటది."

మూతలు పెట్టి, తాళం తిప్పి, కిక్కు కొట్టాడు. ఒక్క దెబ్బకే స్టార్టయింది. నలుగురూ చెవులు రిక్కించారు.

టకటక లేదు. బండి సన్నగా, మెత్తగా, కడుపు నిండిన పిల్లిలాగా గురగురమంటోంది.

"పోయింది" అంది రేణుక మెల్లగా.

"పోయింది" అన్నాడు తిరుపతి, తనకే నమ్మకం లేనట్టు.

జములమ్మ కొడుకు తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. కురుమూర్తి, "నా బండికి సుత జర చూడు తమ్మీ" అన్నాడు. ఆయనకు బండి లేదని ఎవరూ గుర్తుచేయలేదు.

రేణుక లోపలికి పోయి కొత్త చీర కట్టుకొని వచ్చింది. కొంగు సర్దుకొని వెనక కూర్చుంది. భుజం మీద చెయ్యి కూడా వేసింది. చాలా రోజులైంది ఆ చెయ్యి పడక.

"ఇయ్యాల మా చెల్లె మొగని ఇంటి ముందర రెండు రౌండ్లు కొట్టు" అంది.

తిరుపతి గేరు వేయబోయాడు. సరిగ్గా అప్పుడే టకటకమని వినిపించింది.

గబుక్కున ఇంజన్ ఆపేశాడు.

చప్పుడు ఆగలేదు. పైగా దగ్గరికి వస్తోంది.

సందు మలుపు తిరిగి, అచ్చం అలాంటిదే నల్లబండి ఒకటి వచ్చి వాళ్ల వాకిట్లో ఆగింది. దానికి అద్దం లేదు. దాని మీద ఉన్నతను ఎవరో వాళ్లకు తెలియదు. కురుమూర్తి వేపపుల్ల పారేసి, మెల్లగా తన ఇంటి వైపు నడవసాగాడు.

"అన్నా, నిన్న పెబ్బేరు అంగట్ల బండ్లు మారినయి" అన్నాడు కొత్త మనిషి, రేణుక కూర్చున్న బండి వైపు ఆశగా చూస్తూ. "తాళాలు అరిగినయి కదా, నాది సుత దీనికి వట్టింది. ఎవరిదో ఏ ఊరిదో తెల్వక పొద్దుగాల నుంచి తిరుగుతున్న. మీ ఊర్లెకు రాంగనే ఎవ్వర్ని అడిగే పని పడలే, చప్పుడు ఇని అందరు మీ ఇల్లే చూపిచ్చిన్రు."