గౌరవ బహువచనం

“ఏమే, ఈ గ్రహం మీద ఆడా మగా తేడా లేదా?” నేను అనువదించిన సైన్స్ ఫిక్షన్ నవలకి ప్రూఫులు దిద్దుతున్న అమ్మ, ఎర్రపెన్ను బల్ల మీద పడేసింది. “నలభై పేజీలుగా కెప్టెన్‌గారు వచ్చారు, కెప్టెన్‌గారు నవ్వారు! వచ్చాడో వచ్చిందో తేల్చి చావవేం?”

“రాసినవాళ్లే తేల్చలేదమ్మా. అయినా కెప్టెన్ నీకు నచ్చారా, లేదా?”

“నచ్చకేం, బంగారం లాంటి మనిషి. నౌకలో ఒంటరిగా మిగిలిపోయిన చోట ఏడ్చాను కూడా.”

హమ్మయ్య అనుకుని, టీ కప్పులు తీసుకుని లేచాను.

“ఆగు.” అమ్మ కళ్లజోడు పైకి నెట్టుకుంది. “నువ్వు పెళ్లి చేసుకుంటానంటున్న ఆ ఇంజనీరుగారు ఉన్నారే... ఫోన్ చేశారు, రమ్మన్నారు, నవ్వారు. ఆర్నెల్లుగా నీ నోట అన్నీ ‘రు’లే!”

కప్పులు మళ్లీ బల్ల మీద పెట్టేశాను.

అమ్మ మళ్లీ పెన్ను అందుకుంది. “ఆదివారం భోజనానికి పిలుస్తాను. వస్తాడా, వస్తుందా?”

“వస్తుంది,” అన్నాను.

అమ్మ పెన్నుకి మూత పెట్టేసింది.

“‘వస్తుంది’ అంటే... మనిషేగా? మీ నవలల్లోలాగా మరమనిషి కాదుగా?”