ముందున్న బండి

సొరంగం మధ్యలో ఎర్ర దీపం వెలిగింది. డ్రైవరు చెయ్యి వేయకముందే బ్రేకు పడింది. బండి ఒక్క కుదుపు కుదిపి నిలబడిపోయింది.

"చూశావా? ముప్ఫై ఏళ్లు నేను బండికి నడక నేర్పాను. ఇప్పుడది నాకు నేర్పుతోంది" అన్నాడు డ్రైవరు.

పక్క సీట్లో అతని బామ్మర్ది ఉన్నాడు. రేడియో మెకానిక్కు. షెడ్డులో పని ముగించుకుని, వర్క్‌షాపుకి వెళ్లడానికి బావ బండే ఎక్కాడు. అక్క ఏడిస్తే, బావ పది గుమ్మాలు తొక్కి వేయించిన ఉద్యోగం అతనిది.

"మనిషి పొరపడతాడు గానీ రేడియో పొరపడదు బావా. ముందు బండి లేనిదే ఎరుపు పడదు."

"సరేలే, ఆ సంచి కింద పెట్టుకుని కూర్చో. పసిబిడ్డా ఏమన్నా, దించితే ఏడవడానికి?"

"పనిముట్లు బావా" అని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

ఈ సొరంగంలో, అవతలి స్టేషన్లో కొత్త పద్ధతి వచ్చి మూడు నెలలైంది. ప్రతి ఇంజనులో ఒక రేడియో పెట్టి ఉంటుంది. అది తన నంబరు చెప్తూ పోతుంది. పట్టాల పక్కనున్న యంత్రాలు విని కంట్రోలుకి చేరవేస్తాయి. దాన్నిబట్టి కంప్యూటరే దీపాలు వెలిగిస్తుంది, కంప్యూటరే బ్రేకులు వేస్తుంది. ఎరుపులో బండి కదలాలంటే డ్రైవరు తలపైనున్న సీలు తెంపి మీట లాగాలి. రెండోసారి సీలు తెగితే ఉద్యోగం తెగినట్టే. ఇతను ఇదివరకే ఒకసారి తెంపి హెచ్చరిక కాగితం అందుకున్నాడు. పెన్షనుకి ఇంకా పద్నాలుగు నెలలుంది.

రేడియోలో కంట్రోలు అమ్మాయి గొంతు వినిపించింది.

"డ్రైవర్ గారూ, మీ ముందు నలభై ఒకటో ఇంజను ఉంది. కదలొద్దు."

"ఎంత దూరంలో తల్లీ?"

"చాలా దగ్గర్లో. మీకు కనిపిస్తూనే ఉండాలే!"

డ్రైవరు అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. లైటు వెలుగులో తడి పట్టాలు తప్ప ఏమీ లేవు.

"నాకు ఎలకలు తప్ప ఏమీ కనపడటం లేదమ్మా. అయినా ఆ ఇంజను పొద్దున షెడ్డులో ఉంది. నేనే చూశాను."

"తెర మీద మీ ముందుందండీ. నేనేం చెయ్యను?"

ఇరవై నిమిషాలు గడిచాయి. పెట్టెల్లో ఫ్యాన్లు ఆగిపోయాయి. వెనక నుంచి గార్డు రేడియోలో పిలిచాడు.

"అన్నా, మూడో పెట్టెలో ఒకాయనకి ఆయాసం. పీల్చే మందు అయిపోయిందట. పెదాలు నల్లబడుతున్నాయి. కూతురు నా చొక్కా పట్టుకుని వదలట్లేదు. ఏదో ఒకటి చెయ్యన్నా!"

స్టేషను రెండు కిలోమీటర్లు. వెనక్కి పోదామంటే ఆ వైపూ ఎరుపే. డ్రైవరు టార్చి, చేతి రేడియో తీసుకుని దిగాడు.

"నేనూ వస్తా బావా. ఒక్కడివే ఎందుకు?" అంటూ సంచితో సహా బామ్మర్దీ దిగాడు.

ఇద్దరూ వంద గజాలు నడిచారు. టార్చి వెలుగు ఎంత దూరం పోతే అంత దూరమూ ఖాళీ.

చేతి రేడియోలో ఆ అమ్మాయి గాభరాగా అంది. "డ్రైవర్ గారూ, ముందు బండి కదిలింది! మెల్లగా మీ బండికి దూరంగా పోతోంది!"

"అది బండా దెయ్యమా తల్లీ? నేను పట్టాల మీదే నిలబడ్డాను."

బామ్మర్ది సంచి వైపు చూసుకున్నాడు. మొహం చెమటతో నిండిపోయింది. తిరిగి ఇంజను దగ్గరికి వచ్చాక అన్నాడు. "నేను వెనక పెట్టెలోకి పోయి కూర్చుంటా బావా."

"భయమా? చస్తే ఇద్దరం చద్దాం. ఎక్కు ముందు!"

గార్డు మళ్లీ పిలిచాడు. ఈసారి మాట్లాడలేదు. రేడియోని ఆ మనిషి నోటి దగ్గర పెట్టాడు. చిల్లు పడిన తిత్తిలోంచి గాలి పోతున్నట్టు చప్పుడు వినిపించింది.

డ్రైవరు తలపైకి చూశాడు. పద్నాలుగు నెలలు. ఆ చప్పుడు ఒకసారి ఆగి మళ్లీ మొదలైంది.

సీలు పుటుక్కున తెగింది.

బండి నత్తలా పాకింది. "మీరు కదిలితే అదీ కదులుతోంది!" అని కంట్రోలు అమ్మాయి అరుస్తూనే ఉంది. ఎదురుగా వెలుతురు కనిపించింది. ప్లాట్‌ఫాం వచ్చింది. దాని పక్కన పట్టాల మీద ఏ ఇంజనూ లేదు. ఆయాసం మనిషిని స్ట్రెచరు మీద మోసుకుపోయారు. బతికాడు. అతని కూతురు డ్రైవరు రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

గంట తర్వాత ఆఫీసరు గదిలో పంచాయితీ.

"ముందు బండి ఉందని చెప్పినా సీలు తెంపావు. అంతేనా?"

"బండి లేదు సార్. షెడ్డుకి ఫోను చేసి అడగండి."

"అడిగాం. ఇంజను షెడ్డులోనే ఉందంటున్నారు వాళ్లు. షెడ్డువాళ్ల మాట ఎవడు నమ్ముతాడయ్యా? అది ఈ స్టేషన్లోనే ఉన్నట్టు తెర మీద ఇప్పటికీ కనిపిస్తుంటే!" ఆఫీసరు బామ్మర్ది వైపు తిరిగాడు. "రేడియోల సంగతి తెలిసినవాడివి. నువ్వు చెప్పు. పొరపాటు చూపించే వీలుందా?"

"చెప్పరా! నువ్వూ చూశావుగా ఖాళీ పట్టాలు!" అన్నాడు డ్రైవరు. అతని మొహంలో ఆ రోజుకి మొదటిసారి ఆశ కనిపించింది.

బామ్మర్ది ఆఫీసరు మొహమే చూశాడు. బావ వైపు చూడలేదు.

"రేడియో పొరపడదు సార్."

"అయితే సాక్షిగా ఇక్కడ సంతకం పెట్టు."

బామ్మర్ది సంచిని ఎడం చేత్తో కడుపుకి అదుముకుని కుడి చేత్తో సంతకం చేశాడు; పొద్దున షెడ్డులో బాగుచేయడానికని ఊడదీసి, బ్యాటరీ తీయడం మరిచిపోయిన నలభై ఒకటో ఇంజను రేడియో పెట్టె ఆ సంచిలో ఇంకా తన నంబరు చెప్తూనే ఉంది.