అత్తగారి కునుకు కుర్చీ

“గడ్డం ఎత్తకుండా నా మొహం చూడండమ్మా” అంది డాక్టరమ్మ.

అత్తగారు చూసింది. తెల్లకోటు రెండో గుండీ కనబడింది, మెడలో వేలాడుతున్న కార్డు కనబడింది. మొహం మాత్రం కనబడలేదు. పై రెప్పల చర్మం వదులై కిందికి జారిందని, చూపులో పైసగం అదే మూసేస్తోందని, లేజరుతో ఆ చర్మాన్ని బిగిస్తే సరిపోతుందని డాక్టరమ్మ వివరించింది. వెంటనే చేయించేద్దామన్నాడు పక్కనున్న కొడుకు.

“కుదరదు” అంది అత్తగారు.

ఆ ఇంట్లో ఎవరు ఏది అడిగినా ఆవిడ నోట ముందు వచ్చే మాట అదే. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడం ఆవిడకి ఇంటా వంటా లేదు. ఈ వయసులో తనకి సోకులేమిటని, నలుగురూ నవ్వుతారని దారి పొడుగునా కొడుకుని సాధించింది. ఇంటికొచ్చి ఆ చిరాకులో టీవీ పెట్టుకుందామంటే వాడికి రిమోటు కనబడలేదు. ఆ రిమోటుకి కాళ్ళున్నాయి. సోఫాలో పెట్టింది సాయంత్రానికి కోడలి కుట్టుమిషను మీద, గుడ్డముక్కల కింద తేలుతుంది. “పెట్టిన చోటు మర్చిపోవడం వీడికి చిన్నప్పట్నుంచీ ఉన్నదే” అని ఆవిడ తేల్చేసింది.

లేజరు వద్దనడానికి అసలు కారణం వేరే ఉంది.

హాల్లో కిటికీ పక్కన ఆవిడకో చేతుల కుర్చీ ఉంది. అందులో కూర్చుంటే, వాలిన ఆ రెప్పల వల్ల, చూసేవాళ్ళకి ఒళ్ళెరగని నిద్రలో ఉన్నట్టే ఉండేది. నిజానికి ఆ కుర్చీలో ఆవిడ ఒక్కరోజూ కునుకు తీయలేదు. రోజూ మధ్యాహ్నం కోడలు చెల్లెలితో ఫోన్లో మాట్లాడుకుంటూ అక్కడికి వచ్చి, మిషను పక్కన నిలబడేది. అత్తగారికి ఆ పిల్ల భుజం దాకానే కనబడేది. గడ్డం ఎత్తితే దొంగనిద్ర బయటపడుతుంది కాబట్టి, కదలకుండా చెవులు రిక్కించి వినేది. ఆ చెల్లెలు మహా మెతకమనిషి కాబోలు, అవతల్నుంచి ఒక్క ముక్క వినబడేది కాదు.

స్టూలు మీద కూర్చుని కుట్టలేక నడుం పడిపోతోందని కోడలు ఫోన్లో అన్న మర్నాడే, వీపు ఆనే కుర్చీ కొనుక్కురమ్మని అత్తగారు కొడుకుని పురమాయించింది. నీకెలా తోచిందమ్మా అంటే, కలొచ్చిందంది. డిజైన్ల క్లాసులో చేరాలనుంది గానీ సాయంత్రం వంట ఎలాగని కోడలు నిట్టూర్చిన వారానికి ఇంకో కలొచ్చింది. “వంట నేను చూసుకుంటా, నువ్వెళ్ళి చేరు” అంది.

“మీ కలలు చల్లగుండాలి అత్తయ్యా” అంది కోడలు.

ఎదురెదురుగా కూర్చుని వాళ్ళిద్దరూ మనసు విప్పి నాలుగు మాటలు మాట్లాడుకున్న పాపాన పోలేదు. ఒకరికి మొహమాటం, ఇంకొకరికి బింకం. ఆ కునుకు కుర్చీయే లేకపోతే కోడలి మనసు అత్తగారికి తెలిసేదే కాదు. తన కళ్ళు విచ్చుకుంటే ఇక తన ముందు ఆ పిల్ల నోరెలా విప్పుతుంది? ఆవిడ బెంగంతా అదీ.

రెండ్రోజులకి కోడలు మళ్ళీ ఫోన్లో మాట్లాడుతూ వచ్చింది.

“నిన్న బీరువా తలుపు కనబడక నుదురు కొట్టుకున్నారే. పైకి చెప్పరు. లేజరు చేయించుకోమంటే కుదరదంటారు” అంది. గొంతు తగ్గించింది. “పెళ్ళై ఆరేళ్ళైంది. నా మొహం ఆవిడ సరిగ్గా ఒక్కసారీ చూడలేదేమో అనిపిస్తుందే.”

 తెల్లారగానే అత్తగారు కొడుకుని లేపి, కలొచ్చింది, డాక్టరమ్మ దగ్గరికి పద అంది.

కళ్ళలో చుక్కలు వేశారు, రెప్పలకి మందు పూశారు, లేజరు కంటికి తగలకుండా రెప్పల లోపల చిన్న డిప్పలు అమర్చారు. చీమలు కుట్టినట్టు కాసేపు చిటచిటలాడింది, అంతే. పదిరోజులు వాపు, ఎర్రదనం ఉంటాయని, వెలుతురు తగలకుండా నల్లకళ్ళద్దాలు పెట్టుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ అద్దాలు చూడగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. వాటి వెనక కళ్ళు మూసుందో తెరిచిందో ఎవడికి తెలుస్తుంది?

వాపు కాస్త తగ్గిన రోజు మధ్యాహ్నం, అద్దాలు పెట్టుకుని, తల ఓ పక్కకి వాల్చి కుర్చీలో చేరింది. నమ్మకం కోసం చిన్న గురక కూడా తగిలించింది. కాసేపటికి కోడలి గొంతు వినబడింది.

“కళ్ళు బాగయ్యాయే. ఒకప్పుడు అత్తయ్య చేత్తో కుట్టిన కాజాల కోసం జనం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళట. చూపు ఆనక మానేశారు. ఇప్పుడు నా పక్కన కూర్చుని నేర్పితే ఎంత బావుంటుందో. అడగాలంటే భయం. ఇంకో కలొస్తే బావుణ్ణు.”

అత్తగారి గురక ఆగిపోయింది. ఆనందం పట్టలేకపోయింది ఆవిడ. ఏ సూది వాడాలో, దారం ఎన్ని పేటలు తీయాలో మనసులో అప్పుడే మొదలైపోయింది. ఇంత మాట అన్న పిల్ల మొహం ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలనిపించింది. ఇప్పుడు గడ్డం ఎత్తక్కర్లేదు కదా. అద్దాల వెనక కళ్ళు విప్పి, తిన్నగా పైకి చూసింది. భుజం దాటింది చూపు, చుబుకం దాటింది. గుండ్రటి మొహం, బుగ్గన సొట్ట. కోడలు తనవైపే చూస్తూ నవ్వుతోంది.

ఆమె చెవికి ఆనించుకున్నది టీవీ రిమోటు.