నీమా తల్లి

“కొత్తగా వచ్చినదానా, నిన్ను ఏ బిడ్డ తల్లీ అని పిలవాలే? ఈ వీధిలో ఆడదాన్ని సొంత పేరుతో పిలిస్తే మర్యాద కాదు” అంది పక్కింటి సౌము అవ్వ, వేయించిన కర్రపెండలం చేతికిస్తూ.

సలోమే నోరు తెరిచేలోపే లోపలినుంచి మొగుడు ఎలియా అందుకున్నాడు. “మాకింకా పిల్లల్లేరవ్వా.”

“ఏం నాయనా, రైలు నడపడం తప్ప ఇంకేం రాదా?” అవ్వ బోసినోటితో నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

నీమా పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

“మూడేళ్లు పెంచుకున్న బిడ్డను లేదనడానికి నీకు నోరెలా వచ్చింది?”

మూట విప్పుతున్న ఎలియా తలెత్తలేదు. “టబోరాలో అందరూ నన్ను ‘నీమా నాన్నా’ అనేవాళ్లు. అలా పిలిచినప్పుడల్లా అది నా వెనకాలే వస్తోందేమోనని తిరిగి చూసేవాణ్ణి. ఇక నావల్ల కాలేదు సలోమే. టాంగాకు ఈ బదిలీ రైల్వేవాళ్లు వేసింది కాదు. నేనే కాళ్లావేళ్లా పడి వేయించుకున్నాను.”

టబోరాలో సలోమే రోజూ సంతకు వెళ్లింది ఆ పిలుపు కోసమే.

అతను స్నానానికి వెళ్లగానే పక్కింటి గడపలో నిలబడింది.

“అవ్వా, నేను నీమా తల్లిని. ఒక్కసారి అలా పిలువు. మా ఆయనకు వినబడకుండా, మెల్లగా.”