ఆరో ఇల్లు

శనివారం పొద్దున గొర్రెలు మేతకు పోయాయో లేదో, గోవిందమ్మ వాకిట్లో ఒకామె వచ్చి నిలబడింది.

మక్తల్ బస్సు దిగి వచ్చిన పై ఊరి మనిషి. చేతిలో రేకు డబ్బా. డబ్బా మీద నున్నటి గుండుతో నవ్వుతున్న పిల్లవాడి ఫోటో.

"చిన్నపిల్లలకు నెత్తురు క్యాన్సర్ వస్తాంది అవ్వా. దానికి కొత్త మందు కనిపెట్టనీకె పెద్ద డాక్టర్లు పరిశోధన చేస్తున్నరు. నీకు తోచింది ఏస్తే వాళ్లకు అందిస్త."

గోవిందమ్మ ఫోటోలోని గుండు చూసింది. చూడగానే సంగతంతా అర్థమైందనుకుంది.

"నీ కొడుకేనా?"

"నా కొడుకే."

"గుండు మొక్కు తీర్చినవు. ఇగ జోగు మొక్కా?"

ఆమె డబ్బా ముందుకు చాపింది.

ఆ వైపు పిల్లలకు బాగాలేకపోతే తల్లి జోగు మొక్కుకుంటుంది. ఐదిళ్లు అడిగి, తెచ్చిన బియ్యం వండి దేవుడికి పెడుతుంది. ఆరో గడప తొక్కితే మాత్రం అది మొక్కు కాదు, అడుక్కోవడమే. ఈ మాట గోవిందమ్మకు వాళ్లత్త చెప్పింది, ఆ అత్తకు వాళ్లత్త చెప్పింది.

"వాడ మొదట్ల యాదలక్ష్మి ఇంటికాడి నుంచి చూస్తనే ఉన్న. నాది ఆరో ఇల్లు. కొడుకు పేరు చెప్పి ఊరంత అడుక్కుంటున్నవా?"

"ఇది జోగు కాదవ్వా. అన్ని ఇండ్లు తిరగాలె."

"అన్ని ఇండ్లు తిరగనీకె మాకు కుక్కలున్నయి గని, నువ్వెందుకు?"

ఆమె ఆ మాట వినలేదు. ఆమె చూపు అరుగు మీద కూర్చున్న గోవిందమ్మ మనవరాలు మనస్విని కాళ్ల మీద ఉంది.

"పాప కాళ్లకు గా నీలం మచ్చలేంది?"

"పొట్టేలు పొడిచింది. గొర్రెపిల్లల ఎంబడి ఉరుకుతది, ఒక్క తీరుగ కూసుంటదా?"

"జరం వస్తదా?"

"వస్తది, పోతది. వానకాలం జరం."

"మెడ మీద కూడ పొడుస్తదా అవ్వా పొట్టేలు? పాలమూరు తోల్కపో. నెత్తురు పరీక్ష చేయించు."

గోవిందమ్మ చప్పున పిల్లను కొంగు చాటుకు లాక్కుంది.

"నీ కొడుకు రోగం నా బిడ్డకు అంటగట్టనీకె వచ్చినవా? నడువ్."

"తిట్టు అవ్వా. తోల్కపో, గంతే."

గోవిందమ్మ చెంబెడు నీళ్లు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర గుమ్మరించింది. ఆమె తడిసిన కాళ్లతోనే ఏడో ఇంటికి పోయింది.

మాపటికి గోవిందమ్మ పిల్లకు దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు.

"చూసినవా, ఎంత దిష్టి పెట్టి పోయిందో" అని కోడలికి చూపించింది.

దసరా దాటాక మనస్విని ముక్కులోంచి నెత్తురు కారింది. ఆగలేదు. పాలమూరు నుంచి హైదరాబాద్ పంపారు.

పిల్లల వార్డులో మనస్విని జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చింది. ఫోటోలోని గుండు మొక్కుది కాదని గోవిందమ్మకు అప్పుడు తెలిసింది.

"మచ్చలు కనబడ్డప్పుడే తీసుకొస్తే బాగుండేది" అన్నది డాక్టరమ్మ మెల్లగా. "ఇప్పుడు మందుకు లొంగడం లేదు."

వార్డు తలుపు పక్కన గోడకు ఒక రేకు డబ్బా. అదే ఫోటో.

గోవిందమ్మ నర్సు దీప్తి చెయ్యి పట్టుకుంది.

"గీ పిలగాడి తల్లి ఏడుంటది బిడ్డా? ఆమె కాళ్లు మొక్కాలె. కొడుకు మంచిగయ్యిండా?"

"పిలగాడు పోయి రెండేండ్లయింది అవ్వా."

"మరి ఇంక ఎవరి కోసం అడుగుతది?"

దీప్తి మనస్విని కాళ్ల మీద దుప్పటి సర్దింది.

"డబ్బాల పడ్డది మందు కనిపెట్టేటోళ్లకే ఇస్తది. గని తన కొడుకు మచ్చలు సైకిల్ మీదికెల్లి పడ్డ దెబ్బలనుకున్నదట అవ్వా. అందుకే డబ్బా సాకు పెట్టుకొని ఇల్లిల్లు తిరుగుతది, పిల్లల కాళ్లు చూడనీకె."