నూకరత్నం జవాబు

విశ్వవిద్యాలయపు బిజినెస్ స్కూల్లో ఇప్పుడు పరిశోధన కోసం వ్యాపారులను ఎవరూ ప్రశ్నలడగడం లేదు. కృత్రిమ మేధ యంత్రమే వాళ్లేమంటారో ఊహించి, వాళ్ల గొంతుతో జవాబులిస్తోంది. కొత్త కంపెనీలపై పరిశోధనను సమన్వయం చేసే వకుళ ఒక జవాబు దగ్గర ఆగిపోయింది. చేపలకు సోలార్ ఐసుపెట్టె కనిపెట్టిన నూకరత్నం, “భయపడి కంపెనీ మూసేశాను” అన్నట్టు అందులో ఉంది.

వకుళ భీమిలి వెళ్లి ఆమెనే అడిగింది.

“భయమేటమ్మా? పెద్ద కంపెనీవోళ్లు నా పెట్టెని కొనీసి మూల పడీద్దామనుకున్నారు. నాను అమ్మనేదు. ఆళ్లు నాకు సరుకు రానీకుండా సేసినారు. మల్లీ తెరుస్తాను, సూడండి!”

తిరిగొచ్చిన వకుళ యంత్రం జవాబును కొట్టేసి, పరిశోధన నివేదికను సంతకం పెట్టకుండా పక్కన పెట్టింది.

“ఒక్కరి కోసం నివేదిక ఆపుతారా? యంత్రం జవాబులిచ్చినవాళ్లు ఇంకా మూడొందల మంది ఉన్నారు!” అన్నాడు డైరెక్టర్ ఉమాపతి.

“అందరూ బతికే ఉన్నారు సార్. వాళ్లనడక్కుండా నేను సంతకం పెట్టను,” అని వకుళ బస్టాండుకు బయలుదేరింది.